కోదాడ తెర మీద సూర్యాపేట పెళ్ళి

చదువుకోనివాడు చేసే నష్టానికీ చదువుకున్నవాడు చేసే నష్టానికీ నాకు తెలిసిన తేడా ఒక్కటే. చదువుకున్నవాడు ముందురోజే దాని గురించి నలుగురికీ గొప్పగా చెప్పుకొని ఉంటాడు. నేనూ అలాగే చెప్పుకొన్నాను. చెప్పుకొని, మర్నాడు పొద్దున బెత్తెడు కంప్యూటర్ కోడుతో సూర్యాపేట పెళ్ళినీ కోదాడ పెళ్ళినీ కలిపి పారేశాను. ఒక పెళ్ళికొడుకుకు ఇంకో పెళ్ళికూతురిని కట్టబెట్టలేదు గానీ, అది ఒక్కటే తక్కువయింది. ఇప్పుడు నింపాదిగా చెబుతున్నాను కాబట్టి మీరూ నింపాదిగా వినండి. ఆ రోజు మాత్రం కోదాడ మంటపం వెనక వంటవాళ్ళ బియ్యం బస్తాల సందులో దాక్కోవడానికి చోటు చూసుకున్నాను.

మా అక్క మొగుడు రవి బావకు సూర్యాపేటలో ఫొటో స్టూడియో ఉంది. ఫొటోలు తీయడం ఒక్కటే అయితే ఆయన హాయిగా ఉండేవాడు. ఇప్పుడు ప్రతి పెళ్ళికీ మంటపం పక్కన గోడంత ఎల్‌ఈడీ తెర కావాలి. కెమెరా క్లిక్‌మన్న కాసేపటికే ఆ బొమ్మ పూల చట్రంలో తెర మీద పడాలి. అక్షింతలు వేసినవాళ్ళు ఇప్పుడు వధూవరుల మొహాలు చూడరు, మెడ తిప్పి తెర మీద తమ మొహం చూసుకుంటారు. అది పడేదాకా వేదిక దిగరు. వాళ్ళు దిగేదాకా వెనక వరస కదలదు. వరస కదిలేదాకా భోజనాల బంతి పడదు. మొత్తానికి ఊరందరి ఆకలి ఆ తెర చేతిలో ఉంటుంది.

ఆ ఫొటో కెమెరాలోంచి నేరుగా తెర మీదికి పోదు. నెట్‌లో సూర్యాపేట స్టూడియోకు వస్తుంది. అక్కడి కంప్యూటర్ మొహాలకు కాస్త తెలుపు అద్ది, చుట్టూ పూలు తగిలించి, తిరిగి ఆ మంటపం తెరకు పంపుతుంది. పంపే ప్రోగ్రాం రాసింది నేను. హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్న రోజులవి. బావకు నా మీద ఎంత నమ్మకమంటే, ఇంట్లో మిక్సీ ఆగినా నన్నే పిలిచేవాడు. మిక్సీ బాగుపడిన సందర్భం నాకు గుర్తు లేదు, అయినా ఆయన నమ్మకం తగ్గలేదు.

ఆ సీజన్‌లో అది గట్టి ముహూర్తం. బావ ఒకే పొద్దున మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాడు. సూర్యాపేటలో ఒకటి, మిర్యాలగూడలో బియ్యం మిల్లువాళ్ళ ఇంట ఒకటి, కోదాడలో ఒకటి. కోదాడది పరాయివాళ్ళది కాదు. మా మేనత్త కూతురు స్వాతి పెళ్ళి. సూర్యాపేటలో బావ ఉండాలి, మిర్యాలగూడకు స్టూడియో మనిషి పోవాలి, కోదాడలో కెమెరా పట్టే కుర్రాడితో పాటు చుట్టంగానూ మెకానిక్కుగానూ రెండు విధాలా నేనుండాలి. అలా పంచుకున్నాం.

ఆ పెళ్ళిలో అసలు చిక్కు ఫొటోలది కాదు, గంపది. మా వైపు పెళ్ళికూతురిని మేనమామ గంపలో కూర్చోబెట్టి మంటపానికి మోసుకురావాలి. స్వాతికి ఉన్నది ఒక్కడే మేనమామ, మా నాయన. ఆయనేమో నిశ్చితార్థం నాటి నుంచి అలిగి ఉన్నాడు. ఆ రోజు అందరూ నిలబడి ఫొటో దిగుతుంటే కెమెరా పట్టుకున్నతను "పెద్దాయనా, జర పక్కకు జరుగుండ్రి" అన్నాడు. మా నాయన జరిగాడు. "ఇంకా జర" అన్నాడు. ఇంకా జరిగాడు. అలా జరిగి జరిగి ఫొటోలోంచే బయటికి పోయాడు. అది చూసి మా అత్త పక్కున నవ్వింది.

"మేనమామను పక్కకు జరుపుతరా? జరిపితే జరిపిరి, సొంత చెల్లె నవ్వుతదా?" అని ఇంటికి వచ్చినప్పటి నుంచి అదే పాట. అత్త ఫోన్ చేస్తే ఎత్తడు. మనిషి వచ్చి పిలిస్తే నిద్రపోతున్నట్టు నటిస్తాడు. పెళ్ళి ముందురోజు మేము కోదాడ బయలుదేరుతుంటే మంచం మీద అడ్డంగా పడుకొని నడుం పట్టేసిందన్నాడు.

"ఇటు తిరగరాదు, అటు తిరగరాదు. మీరు పోండ్రి. గంప ఇంకెవరన్న ఎత్తుకుంటరు."

మా అమ్మ నూనె వేడిచేసి తెచ్చి నడుముకు రాసింది. రాస్తున్నంతసేపూ ఆయన మూలిగాడు. ఏ వైద్యుడైనా ఆ మూలుగు వింటే దవాఖానలో చేర్చుకునేవాడు. నేను నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, కోదాడలో బస్సు దిగినప్పటి నుంచి అడిగినవాడికీ అడగనివాడికీ నేనే సాక్ష్యం చెప్పాను. అత్త మాత్రం ఒక్కసారే అడిగింది.

"నిజంగనే నడుమేనా, శ్రీనూ?"

"నిజంగనే అత్తా. నూనె రాస్తుంటే సూసిన నేను."

ఆమె ఖాళీ గంపకు పసుపు రాసుకుంటూ కూర్చుంది. మేనమామ రాని పెళ్ళని పదిమందీ అనుకుంటారన్న బాధ ఒకటి, అన్న లేకుండా బిడ్డ పెళ్ళి చేస్తున్నానన్న బాధ ఇంకొకటి. రెండోదే పెద్దదని ఆమె మొహం చూస్తే తెలిసిపోయేది. అక్కడ కూర్చున్న ఒక పెద్దమనిషి ఓదార్పుగా "కొడుకున్నడు గదా, శ్రీను ఎత్తుకుంటడు తియ్" అన్నాడు. పక్కనున్నామె ఆయన మీద విరుచుకుపడింది. "బుద్ధుందా నీకు? శ్రీను పిల్లకు వరసకు బావ. బావ ఎత్తుకొస్తే పెండ్లికొడుకు ఏమనుకోవాలె?" గంప సంగతి అక్కడే ఆగింది.

ఇక నా ఘనకార్యానికి వస్తాను. కాస్త ఓపిక పట్టండి, ఇందులో కంప్యూటర్ ముక్క బస్సు సీటు పట్టుకోవడం కంటే కష్టమైంది కాదు.

ప్రతి ఫొటో పంపేముందు స్టూడియో కంప్యూటర్‌కూ మంటపం తెరకూ నడుమ ఒక దారి తెరవాలి. ఆ దారి కొసను మావాళ్ళు సాకెట్ అంటారు. తెరిచిన ప్రతి దారికీ కంప్యూటర్ ఒక నంబరు ఇస్తుంది. నేను వాడిన లైబ్రరీ, అంటే ఫైళ్ళు చేరవేసే పని కోసం ఎవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన కోడు, నేను వాడిన తీరుకు, ఒక్కో ఫొటోకు ఒక్కో దారి తెరిచి పని కాగానే మూసేసేది. మంటపాలలో నెట్ సంగతి మీకు తెలిసిందే. దారి తెరుచుకునేసరికే తలప్రాణం తోకకు వచ్చేది.

ఆ లైబ్రరీలో ఒక సదుపాయం ఉంది. "దారి నేనే తెరవాలనేం లేదు. అవసరం పడ్డప్పుడు నిన్ను పిలుస్తా, నీకు నచ్చినట్టు తెరిచి దాని నంబరు నా చేతిలో పెట్టు" అంటుంది. అలా పిలిస్తే పలికే మన కోడుకు కాల్‌బ్యాక్ అని పేరు. తెలిసినవాడి చేతిలో అది మంచి పనిముట్టు. కానీ నేను సూర్యాపేట బస్టాండులో పెరిగినవాడిని. బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద దస్తీ, అదే చేతిరుమాలు, వేసి, ఆ తర్వాత తీరిగ్గా ఎక్కే జాతి మాది. దస్తీ పడిందంటే ఆ సీటు మనది, కలెక్టరు వచ్చినా లేవనక్కర్లేదు.

ఆ తెలివే ఇక్కడా వాడాను. పెళ్ళి రోజు పొద్దున్నే మూడు మంటపాలకు మూడు దారులు తెరిచి వాటి నంబర్లు దాచుకునేట్టు ప్రోగ్రాం మార్చాను. లైబ్రరీ ఎప్పుడు పిలిచినా కొత్తది తెరవకుండా ఆ పాత నంబరే దాని చేతిలో పెట్టేట్టు కాల్‌బ్యాక్ రాశాను. ఆ లైబ్రరీ పాపం అనుమానం మనిషి, "ఇది అవతలివాళ్ళతో కలిసిందా, నేను కలపాలా?" అని ఇంకో మాట అడుగుతుంది. దానికి ఇంకో కాల్‌బ్యాక్ పెట్టాను. "ఎప్పుడో కలిసింది, నువ్వు ఫొటో పంపు" అని చెప్పడమే దాని పని. ఎక్కడన్నా దారి తెగితే దానంతటదే మళ్ళీ తెరిచే ముక్క కూడా ఒకటి అతికించాను. అతికించి, ముందురోజే బావకు ఫోన్ చేసి గొప్పలు పోయాను.

"ఇగ ఫొటో తీసుడే ఆలస్యం బావా, కన్ను మూసి తెరిచేలోపల తెర మీద ఉంటది."

"పరీక్ష చేసినవా?"

"చేసిన. ఇంట్ల మూడు ఫోన్లు పెట్టి సూసిన."

"ఫోన్లు కాదురా, ఇయ్యి పెళ్ళిళ్ళు."

"రెండూ ఒకటే బావా. నువ్వు పరేషాన్ కాకు."

పెళ్ళి పొద్దున మొదట్లో అంతా నేను చెప్పినట్టే జరిగింది. ఫొటో తీయడం, తెర మీద పడడం రెప్పపాటులో అయిపోతోంది. నేను తెర పక్కన కుర్చీ వేసుకొని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకొని, మెచ్చుకునేవాళ్ళకు అందుబాటులో కూర్చున్నాను. టిఫిన్లు నడుస్తున్నాయి. ఒకసారి ల్యాప్‌టాప్‌లో స్టూడియో నెట్ తెగి మళ్ళీ వచ్చిందని కబురు కనబడింది. నేను అతికించిన ముక్క పనిచేసింది కదా అని మురిసిపోయి ఇడ్లీ తినడానికి లేచాను.

తిరిగి వచ్చేసరికి తెర మీద ఎవరో పట్టుపంచె పెద్దమనుషులు ఉన్నారు. నేను ఎరగనివాళ్ళు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత తెలిసింది, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వాళ్ళను మా తరఫువాళ్ళు అనుకున్నారట. రెండు వైపులవాళ్ళూ ఆ తెరకు మర్యాదగా చిరునవ్వులు చిందిస్తూ కూర్చున్నారు. నిజానికి పెళ్ళిలో తెలియని మొహం కనబడితే అందరూ చేసే పని అదే. అలా ఎంతసేపు నడిచేదో గానీ, పెళ్ళికొడుకు పెదనాన్న లేచి నా దగ్గరికి వచ్చాడు.

"బాబూ, మీవాళ్ళు చాలామందే వచ్చినట్టున్నారు. భోజనాలు సరిపోతాయంటారా?"

"మావాళ్ళు గాదండి, మీవాళ్ళనుకున్న."

ఆయన తెర వైపు చూశాడు, నేనూ చూశాను. తెర మీద ఒక పెళ్ళికొడుకు గుర్రం దిగుతున్నాడు. మా పెళ్ళికొడుకు మా ఎదురుగా కుర్చీలో కూర్చొని కాళ్ళకు పారాణి పెట్టించుకుంటున్నాడు. పెదనాన్న గారు ఇద్దరినీ రెండుసార్లు చూసి, కళ్ళజోడు తుడుచుకొని, మళ్ళీ చూశారు.

ఇంతలో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది. "గాయన తుంగతుర్తి సారు గాదు? నిన్న ఫోన్ జేస్తే దవాఖానల ఉన్న, సెలైన్ పెట్టిన్రు, రాలేనన్నడు." తెర మీద తుంగతుర్తి సారు రెండు చేతుల్లో రెండు జిలేబీలతో ఉన్నారు. సెలైన్ జాడ ఎక్కడా లేదు. ఇంకో ఫొటో పడింది. "అగో, గామె మా తోటికోడలు. మోకాళ్ళు నడవనిస్తలేవన్నది, జూడు, మెట్లెక్కుతున్నది." ఆ తర్వాత జనం మంటపం వైపు చూడడం మానేశారు. కుర్చీలన్నీ తెర వైపు తిరిగాయి. ప్రతి కొత్త ఫొటోకూ ఒక జ్వరమో, ఒక విరేచనమో, ఒక ఊరి ప్రయాణమో బయటపడుతోంది. ఒకే ముహూర్తానికి నాలుగు శుభలేఖలు వచ్చే ఊళ్ళు మావి. ఒకచోటికి పోయి మూడుచోట్లకు రోగం పంపడం మాకు అలవాటే. ఆ రోగాలన్నీ ఒక్కసారి తెర మీద కుదురుకుంటుంటే నేను చెమటలు కక్కుతూ కోడు వెతుక్కుంటున్నాను.

తప్పు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను మరిచిపోయిన సంగతి ఒక్కటే. నంబరు ఇచ్చింది నేనే అయినా, పని కాగానే దారి మూసేది లైబ్రరీయే. మూసిన నంబరు ఖాళీ అవుతుంది, ఖాళీ అయినదాన్ని కంప్యూటర్ తర్వాత వచ్చినవాడికి ఇచ్చేస్తుంది. ఒక్కోటి మూసి తెరిచినంతసేపూ ఎవరి నంబరు వాళ్ళకే తిరిగి దక్కింది. స్టూడియోలో నెట్ తెగినప్పుడు మూడు దారులూ ఒక్కసారే పోయి మళ్ళీ తెరుచుకున్నాయి గానీ, కోదాడ ముందు తెరుచుకొని సూర్యాపేట నంబరు పట్టుకుంది, సూర్యాపేటకు కోదాడది దక్కింది. నా కాల్‌బ్యాక్ మాత్రం పొద్దున బట్టీపట్టిన నంబర్లే ఒప్పజెబుతోంది. బస్సు మిర్యాలగూడ పోయి, జనాన్ని దింపి, తిరిగి వచ్చి, బోర్డు మార్చుకొని కోదాడ బయలుదేరినా, పొద్దున దస్తీ వేశాను కాబట్టి ఆ సీటు నాదే అని కూర్చున్నాను నేను.

ప్రోగ్రాం ఆపి కాల్‌బ్యాక్ తీసేద్దామని చెయ్యి చాపానో లేదో, మంటపమంతా ఒక్కసారి "ఓ" అంది. తలెత్తి చూశాను.

తెర మీద మా నాయన. గోడంత మా నాయన. సూర్యాపేట పెళ్ళి ఎదురుకోళ్ళలో, పెళ్ళికొడుకును ఎదురెళ్ళి తీసుకొచ్చే బ్యాండు ముందు, భుజాల మీద ఒక బొద్దు పిల్లాడిని ఎక్కించుకొని, ఒక కాలు గాల్లో ఉంచి ఎగురుతున్నాడు. మా కంప్యూటర్ ఆయన మొహానికి తెలుపు కూడా బాగానే అద్దింది. నెట్ తెగినప్పుడు వెనకబడ్డ ఇందాకటి ఫొటో ఇప్పుడు చేరింది.

ముందుగా తేరుకున్నది పెళ్ళికొడుకు పెదనాన్న.

"నడుం పట్టేసిందన్నారు, ఈయనకేనా బాబూ?"

"అవునండి, ఈయనకే."

ఆయన మా అమ్మ వైపు తిరిగి ఎంతో వినయంగా అడిగారు. "ఏం నూనె రాశారమ్మా?"

మా అమ్మ మొహం కందగడ్డ అయింది. "నిన్న గంటసేపు నేనే రాసిన గదరా," అని నా మీద పడింది, మూలిగింది నేనైనట్టు. "చేతులు బొబ్బలెక్కినయి. గాడ ఎగురుతున్నడా? ఇంటికి రానియ్ ఆయనను."

అప్పుడే బావ ఫోన్ వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"శ్రీనూ, గీడ తెర మీద మీ అత్త కనవడుతున్నదేందిరా?"

"గాడ మా నాయన ఉన్నడేంది బావా?"

బావ నసిగాడు. "మా దోస్తు కొడుకు పెండ్లి, గంటసేపు కూసొని పోత, ఎవరికి జెప్పకు అన్నడు. మామ మాట ఎట్ల కాదంట? ఇప్పుడు ముందల కుర్చీలనే ఉన్నడు. తెర మీద కోదాడోళ్ళు పడుతుంటే తల దించుకొని కూసున్నడు. నీకు దండం పెడత, జల్ది ఏదన్న చెయ్యి."

"చేస్తున్న," అని నేను మళ్ళీ చెయ్యి చాపాను. ఆ చెయ్యి మీద ఇంకో చెయ్యి పడింది. అత్తది.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. కోదాడకు కాపురానికి వచ్చి ఎన్నేళ్ళో అయింది, మాట ఇక్కడి తీరుకు మారింది. కానీ మనసుకు తగిలినప్పుడు సూర్యాపేట మాటే వస్తుంది.

"జర ఆగు. గాయన ఫొటో గీడ పడ్డది. మరి గీడ తీసిన ఫొటో గాడ పడుతదా?"

"పడుతదత్తా. గదే తప్పయింది, ఇప్పుడే సరిచేస్త."

"సరిచెయ్యకు. నన్నొక ఫొటో తియ్యమని చెప్పు."

"ఎందుకత్తా, బావ పక్కనే ఉన్నడు, ఫోన్ నాయిన చేతికిప్పిస్త, మాట్లాడు."

"ఫోన్ల అయితే ఏదో ఒకటి చెప్తడు. నడుమంటడు, కాలంటడు. నా మొహం సూసి అబద్ధం చెప్పరాదు మా అన్నకు, చిన్నప్పటి సంది." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నవ్వుడు నాది గూడ తప్పే. ఆయన ఫొటోల నుంచి జరిగిపోతుంటే ఆపాలె గదా, నవ్విన. ఆ సంగతి ఆయనకు చెప్పేదాక నా బిడ్డ గంపల కూసోదు."

స్వాతి గదిలోంచి తొంగిచూసి ఆ మాట విన్నది. "మామయ్య వచ్చేదాకా నేను లేవను, ముహూర్తం ఉంటే ఉంటది పోతే పోతది" అని పెళ్ళిపీటల దాకా వినబడేట్టు చెప్పి తలుపు వేసుకుంది. ముహూర్తానికి ఇంకా గంటన్నర ఉంది. సూర్యాపేట నుంచి కోదాడకు హైవే మీద గంట ప్రయాణం. పురోహితుడు నా వైపు చూశాడు, పెళ్ళికొడుకు నా వైపు చూశాడు. మెకానిక్కును కదా, అందరూ నా వైపే చూశారు.

అత్త పసుపు రాసిన ఖాళీ గంప చేతుల్లోకి తీసుకొని కెమెరా ముందు నిలబడింది. నవ్వలేదు, ఏడవలేదు. సూటిగా చూసింది. కెమెరా క్లిక్‌మంది.

అయ్యా, చదువరులారా, ప్రోగ్రాములు రాసేవాడు తన తప్పు పోవాలని మొక్కుకోవడం మీరు విని ఉంటారు. నా తప్పు ఇంకొక్క నిమిషం చెక్కుచెదరకుండా ఉండాలని మొక్కుకున్నవాడిని నేను ఒక్కడినే. నెట్ ఇంకోసారి తెగిందంటే నంబర్లు మళ్ళీ తారుమారవుతాయి, ఫొటో ఎటు పోతుందో దేవుడికి కూడా తెలియదు.

"అత్తా, ఇది మిర్యాలగూడ పోయినా పోతది," అన్నాను.

"పోతే పోనియ్. మిల్లోళ్ళు గూడ సూస్తరు."

పోలేదు. సూర్యాపేటలోనే పడింది. అక్కడ జరిగింది తర్వాత బావ చెప్పాడు. తెర మీద గోడంత ఎత్తున, ఖాళీ గంపతో ఒక ఆడమనిషి కనబడగానే అక్కడి జనం గుసగుసలు మొదలుపెట్టారట. పెళ్ళికొడుకు తండ్రి మా నాయన పక్కనే ఉండి "ఎవరీమె? మీకు తెలుసా?" అని అడిగాడట. మా నాయన తల ఎత్తి చూశాడు. చూసి, చాలాసేపు చూసి, "మా చెల్లె" అన్నాడు. అని కండువా దులుపుకొని లేచాడు.

నేను మాత్రం ఇక్కడ కాల్‌బ్యాక్‌లు రెండూ పీకేసి ప్రోగ్రాం మళ్ళీ నడిపించాను. ఫొటోలు మునుపటిలా నత్తనడక నడిచాయి గానీ ఎవరివి వాళ్ళకు చేరాయి. కోదాడ తెర మీద కోదాడవాళ్ళే పడడంతో జనానికి ఉత్సాహం తగ్గింది. "ఇందాకటిదే బాగుంది బాబూ, అదే పెట్టు" అని ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగారు. మిర్యాలగూడ మనిషికి ఫోన్ చేస్తే "గీడ అంత మంచిగనే ఉన్నదన్నా, ఏమైంది?" అన్నాడు. మూడు పెళ్ళిళ్ళలో నేను ఎక్కువ భయపడింది మిల్లువాళ్ళ పెళ్ళి గురించే, అక్కడే ఏమీ కాలేదు.

ముహూర్తం దగ్గర పడింది. పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడు మంటపం ముందు పూలతో అలంకరించిన పెళ్ళికారు వచ్చి ఆగింది. వాకిట్లో టీ తాగుతున్న బ్యాండువాళ్ళు పూలకారు చూడగానే గ్లాసులు పారేసి వాయించడం మొదలుపెట్టారు. లోపలున్న పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు. ఆయన పెదనాన్న నా చెయ్యి పట్టుకొని "ఇప్పుడు ఇంకో పెళ్ళికొడుకు కూడా వస్తున్నాడా బాబూ?" అని అడిగారు. అప్పటికి ఆయనకు నా కంప్యూటర్ ఏదైనా చేయగలదన్న నమ్మకం కుదిరింది.

కారులోంచి మా నాయన దిగాడు. బస్సు కోసం ఆగడం కుదరక, సూర్యాపేట పెళ్ళికొడుకు కారు ఖాళీగానే ఉంది కదా అని అందులో వచ్చేశాడు. వెనక అద్దం మీద వాళ్ళ పెళ్ళికూతురి పేరూ పెళ్ళికొడుకు పేరూ అలాగే అంటించి ఉన్నాయి. బ్యాండు వాయిస్తూనే ఉంది. ఆయన ఎవరివైపూ చూడకుండా నేరుగా అత్త ముందుకు వచ్చి నిలబడ్డాడు.

అత్త అడిగింది. "నడుం ఎట్లున్నది అన్నా?"

"గంప ఎత్తితే తెలుస్తది."

"నేను నవ్విన గదా, గందుకు..."

"ఊకో. నవ్వొచ్చింది, నవ్వినవ్. నేను రాకపోవుడు మాత్రం నవ్వులాటనా?" అన్నాడు. వెంటనే నా మీదికి తిరిగి కోప్పడ్డాడు. "వీడు నన్ను ఊరందరికి సూపిచ్చిండు. ఇంటికి పోయినంక వీని సంగతి సెప్త."

స్వాతి తలుపు తీసింది. మా నాయన పంచె ఎగ్గట్టి, గంప ఎత్తాడు. ఎంత తేలిగ్గా ఎత్తాడంటే, పట్టేసిన నడుమని నమ్మిన నా మీద నాకే జాలేసింది. స్వాతి గంపలోంచి "మామయ్యా, మెల్లగా, పడేస్తావ్" అంటోంది, ఆయన "నిన్ను పడేస్తే మీ అమ్మ నన్ను మళ్ళీ తెరకెక్కిస్తది" అంటూ నడిచాడు. అత్త వెనక ఏడుస్తూ నవ్వుతోంది. మా అమ్మ అనాల్సింది ఇంటికి పోయాక అంది, అది ఇక్కడ రాయడానికి వీల్లేదు.

పెళ్ళి అయిన వారానికి మిర్యాలగూడ మిల్లు సేటు ఒకాయన స్టూడియోకు వచ్చాడు. రెండో కొడుకు పెళ్ళి కుదిరిందట. బావ రకరకాల తెరలు చూపించాడు. ఆయన ఏదీ చూడలేదు.

"ఇవన్నీ కాదు. కోదాడ పెళ్ళికి పెట్టారట కదా, అది కావాలి."

"ఏది సేటూ?"

"అదే, రానివాళ్ళను పట్టించేది."

బావ నా వైపు ఆశగా చూశాడు. అది మళ్ళీ పెట్టడం ఎంత పని అన్నట్టు చూశాడు. నేను ఆ క్షణాన స్టూడియోలో వేలాడుతున్న కొత్త దంపతుల ఫొటోలన్నిటి సాక్షిగా కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను. లైబ్రరీ దారి అడిగితే నేటి నుంచి కొత్తదే తెరిచి ఇస్తాను. మూసేసిన దారి నంబరు ప్రాణం పోయినా తిరిగి ముట్టను. కలవనిదాన్ని కలిసిందని ఏ కాల్‌బ్యాక్ చేతా చెప్పించను. మూడు ఫోన్లనూ మూడు పెళ్ళిళ్ళనూ ఒకటే అనను. ఈ మాట తప్పితే నా ఫొటో ఏ తెర మీదా తెల్లబడకుండా పోవుగాక.

ఆ మాట నేటికీ తప్పలేదు. కాకపోతే ప్రమాణం చేసింది నేను, మా నాయన కాదు. మొన్న కొత్త ముహూర్తాలు పెట్టారు, మా ఇంటికి ఒకే రోజువి నాలుగు శుభలేఖలు వచ్చాయి. మా నాయన వాటిని ముందు పరుచుకొని చాలాసేపు ఆలోచించి, నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"శ్రీనూ, గా రోజు నీ కంప్యూటర్ ఏ ఊర్ల ఉంటదిరా?"

"ఎందుకు నాయినా?"

"ఏం లేదు. ఏ ఊరోళ్ళకు జ్వరమని చెప్పాల్నో తెల్వాలె గదా."